పొయ్యి నోట్లో పసుపు నీళ్ళు

మా పాత డిపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఆయన పోయిన కబురు మంగళవారం పొద్దున్న వచ్చింది. నేను గాజువాక వెళ్ళే సిటీ బస్సులో ఒక చేత్తో రాడ్డు, ఇంకో చేత్తో జవాబు పత్రాల కట్ట పట్టుకుని నిలబడి ఉన్నాను. కబురు కింద చేతులు జోడించిన బొమ్మలు టపటపా పడుతున్నాయి. మా కాలేజీ స్టాపు వచ్చేసరికి తెర నిండా చేతులే. ఆ చేతుల్లో సగం, ఆయన కాల్చి ఇచ్చిన స్ఫటికాల మీద డాక్టరేట్లు తెచ్చుకున్నవి. ఒక్కరైనా ఒక వాక్యం రాస్తారేమోనని మధ్యాహ్నం దాకా చూశాను. ఒకాయన మాత్రం ‘చాలా సింపుల్ మనిషి’ అని ఇంగ్లీషులో రాశాడు. ఒళ్ళు మండింది. అంత మెలికల మనిషిని నేనింకొకర్ని చూడలేదు.

అయినా వాళ్ళని అనడానికి నాకున్న హక్కేమిటి? నేనూ ఒక బొమ్మే పెట్టాను. క్లాసుకి టైమైపోయింది.

ఆయన మా యూనివర్సిటీ ఫిజిక్సు ల్యాబులో ఫర్నేస్ చూసే మనిషి. ఆ ఉద్యోగానికి కాగితాల మీద ఏదో పొడుగాటి పేరుండేది, ఎవరూ వాడేవారు కాదు. ప్రొఫెసర్ల దగ్గర్నుంచి ఊడ్చే ఆవిడ దాకా అందరికీ బాబాయే. ఆయన మాత్రం ఫర్నేస్‌ని ఏనాడూ ఫర్నేస్ అనలేదు. పొయ్యి అనేవాడు. చేరిన మొదటి వారంలోనే దీని మీద గొడవ పెట్టుకున్నాను.

“బాబాయ్, అది వెయ్యి డిగ్రీల దాకా వెళ్ళే యంత్రం. పొయ్యి అంటే అన్నం వండుకునేది.”

“మరి నీకు రేపు అన్నం పెట్టీది ఏది తల్లీ, ఇదే గదేటి?” అన్నాడు.

అప్పటికి నాకు ముప్పై ఏడేళ్ళు. గాజువాకలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పార్ట్ టైమ్ పీహెచ్‌డీలో చేరాను. తోటి స్కాలర్లు పాతికేళ్ళవాళ్ళు. నన్ను ‘మేడమ్’ అనేవారు. ఆ గౌరవం అడుగున ‘ఈవిడకిప్పుడెందుకు’ అన్నది స్పష్టంగా వినబడేది. ఆయన ఒక్కడే ‘తల్లీ’ అనేవాడు, అదీ తిట్టబోయేముందు.

ఫర్నేస్ పక్కన ఆయన స్టూలు. స్టూలు పక్క గూట్లో గాజు సీసా. సీసాలో కళ్ళుప్పు. ఉప్పెందుకని అడిగితే చెప్పేవాడు కాదు, చూపించేవాడు. పొద్దున్న రాగానే గుప్పెడు ఉప్పు అరచేతిలో పోసుకుని, పిడికిలి బిగించి, తెరిచి వంచేవాడు. రాళ్ళన్నీ గలగలా జారిపోతే ఆ రోజు పని ఉన్నట్టు. నాలుగు రాళ్ళు చేతికి అంటుకున్నాయా, ఇక స్టూలు మీద కూచుని చెవి మీదున్న చుట్ట తీసి వేళ్ళ మధ్య తిప్పుకోవడమే. ల్యాబులో కాల్చనివ్వరు కాబట్టి కాల్చేవాడు కాదు, తిప్పేవాడు.

“ఈయేళ ఒద్దు. సముద్రం లోపలికొచ్చీసింది.”

మా గైడు విసుక్కునేవారు. గోడ మీద తేమ కొలిచే మీటరు పెట్టించారు. బాబాయ్ దాన్ని దణ్ణం పెట్టినట్టు చూసి, “అది గోడ సంగతి సెప్తాది సార్. ఉప్పు గాలి సంగతి సెప్తాది,” అన్నాడు.

ఉష్ణోగ్రతకీ అంతే. ల్యాబుకి థర్మోకపుల్ ఉంది, ఆయనకి కళ్ళున్నాయి. ఫర్నేస్ కన్నంలోంచి చూసి, “పండు మిరప రంగొచ్చింది, ఎనిమిదొందలు,” అనేవాడు. ఒకసారి మీటరు ఏడొందల నలభై అంటోంది, ఆయన ఎనిమిదొందలంటున్నాడు. నేను మీటరు తరఫున మధ్యాహ్నం దాకా వాదించాను. చివరికి చూస్తే లోపల తీగ ఊడి వేలాడుతోంది. నేను సారీ చెప్పలేదు, ఆయన అడగలేదు. మర్నాడు నా వైపు చూడకుండా మీటరు ముందు నిలబడి, “ఏటి బావా, ఈయేళ ఒంట్లో బాగుందా?” అని పలకరించాడు.

ఇంత పొడి పిచ్చి ఎందుకో చెప్పాలి. మేం పని చేసేది జింక్ ఆక్సైడ్ మీద. అదొక సెమీకండక్టరు, అంటే దానిలో కరెంటు మనం పారమన్నంతే పారాలి. అలాంటి ఆక్సైడుల్లోకి ఎవరూ పిలవకుండా హైడ్రోజన్ దూరిపోతుంది. వేడిగా ఉన్నప్పుడు కాస్త నీటి ఆవిరి తగిలితే చాలు. దూరి, తన ఎలక్ట్రాన్‌ని స్ఫటికానికి ధారపోసి, పారకూడని కరెంటుని పారిస్తుంది. అన్నింటికన్నా తేలికైన పరమాణువు, లోపల ఎక్కడ నక్కిందో మామూలు పరికరాలకి చిక్కదు. అందుకని దాని బదులు మ్యూయాన్ అనే కణాన్ని పంపుతారు. హైడ్రోజన్ బరువులో తొమ్మిదో వంతు. స్ఫటికంలోకి వెళ్ళి, ఒక ఎలక్ట్రాన్‌ని పట్టుకుని, అచ్చం హైడ్రోజన్‌లాగే నడుచుకుంటుంది. సెకనుని పది లక్షల ముక్కలు చేస్తే అందులో రెండు ముక్కలంత కాలం బతుకుతుంది. పోతూ పోతూ, తాను ఎటు తిరిగి ఉందో దాదాపు ఆ వైపుకే పాజిట్రాన్ అనే మరో కణాన్ని విసిరిపోతుంది. వాటిని లక్షల్లో లెక్కపెడితే లోపల హైడ్రోజన్ ఏం చేస్తుందో తెలుస్తుంది. ఇది నేను క్లాసులో చెప్పే పద్ధతి. పిల్లలు కళ్ళు తెరిచే నిద్రపోతారు.

ఆయన పద్ధతి వేరు. కొత్త స్కాలర్లు ఎవరొచ్చినా స్టూలు ముందు నిలబెట్టి చెప్పేవాడు.

“హైడ్రోజనుంది సూడు, అది దొంగ. ఇంట్లో దూరీసి అటకెక్కి కూకుంది. మనకి కనపడదు. అప్పుడేటి సెయ్యాల? దొంగలాటోణ్ణే ఇంకొకణ్ణి లోపలికి తోలాల. ఆడూ అదే కన్నంలోంచి దూరతాడు, అదే అటకెక్కుతాడు. కానైతే ఈడు మనోడు. ఈడికి ఆయుస్సు లేదు. సచ్చిపోయీముందు ‘ఇదిగో, ఇటు’ అని ఏలు సూపించి సచ్చిపోతాడు.”

“బాబాయ్, మ్యూయాన్ వేలు చూపించదు. పాజిట్రాన్ వస్తుంది.”

“అదేనమ్మా ఏలు.”

“ఒక్కటి చూపిస్తే లెక్కలోకి రాదు. కొన్ని తప్పు వైపు కూడా చూపిస్తాయి.”

“సచ్చీవోళ్ళందరూ నిజమే సెప్తారేటి? అందుకే గదా లచ్చమందిని అడుగుతన్నారు,” అన్నాడు.

వాదనలో నేను ఓడిపోవడం అరుదు. మా ఇంట్లో అడగండి, కాలేజీలో అడగండి. ఈ మనిషి దగ్గర మాత్రం వాదన గెలిచి బయటికొచ్చాక, మెట్ల మీద, ఓడిపోయానని తెలిసేది.

ఆ మ్యూయాన్లని పుట్టించే యంత్రాలు మన దేశంలో లేవు. విదేశంలో ఒక పెద్ద కేంద్రానికి అర్జీ పెట్టుకోవాలి. రెండుసార్లు కాదన్నాక మూడోసారి మా గైడుకి మూడు రోజులు ఇచ్చారు. ఒకే దిమ్మలోంచి కోసిన రెండు బిళ్ళలు పంపాలి. ఒకటి పొడి ఆక్సిజన్‌లో రోజుల తరబడి కాల్చి, ఉన్న హైడ్రోజన్‌ని వెళ్ళగొట్టినది. రెండోది కావాలని ఆవిరి పట్టించినది. పొడిదానిలో మ్యూయాన్ ఒకలా, తడిదానిలో ఇంకోలా నడుచుకోవాలి. ఆ తేడాయే నా థీసిస్. నా గడువు అప్పటికి రెండుసార్లు పొడిగించారు, మూడోసారి లేదని కాగితమే ఇచ్చారు. కాలేజీలో డాక్టరేట్ లేనివాళ్ళని ఇంటికి పంపుతారన్న మాట అప్పుడే మొదలైంది.

తీరా పొడి బిళ్ళ కాల్చాల్సిన వారం అల్పపీడనం పట్టుకుంది. ప్రతి పొద్దున్నా ఉప్పు ఆయన చేతికి అంటుకోవడం, ఆయన చుట్ట తిప్పుకోవడం. అయిదో రోజు నేను అరిచాను.

“నీ ఉప్పు ఆరేదాకా అక్కడ యంత్రం ఆగదు బాబాయ్! బిళ్ళలు శుక్రవారం వెళ్ళాలి.”

“ఎలిగిస్తే పూజ మీదికొస్తాది తల్లీ. పూజనాటికి పొయ్యి సల్లగా ఉండాల.”

“వస్తే రానీ. ఆపేది లేదు.”

ఆయుధ పూజ మా ఊళ్ళో ఎవరికీ కొత్త కాదు. హార్బర్లో క్రేన్లకి దండలు వేస్తారు, గాజువాకలో లేతు మిషన్లకి బొట్లు పెడతారు, మా కాలేజీలో జిరాక్సు మిషను కూడా గంధం పూసుకుని కూచుంటుంది. ఆయన పూజలో మాత్రం ఒక ముక్క ఎక్కువ. ఫర్నేస్ గొట్టానికి చివరనుండే మూత విప్పి, ఆ నోటి దగ్గర బెల్లం ముక్క పెట్టి, మావిడాకుతో పసుపు నీళ్ళు చల్లేవాడు. నోరు మూసుంటే ఎలా తింటుందనేవాడు. ఏటా ఆ రోజుకి ఫర్నేస్ చల్లారి ఉండేది కాబట్టి ఆ బెల్లం మీద చీమలు తప్ప ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ ఏడు చల్లారలేదు. మూడు రోజులు కాలి, ఆ పొద్దున్నే దిగడం మొదలుపెట్టింది. లోపల ఇంకా ఆరు వందల డిగ్రీలుంది. ఆయన స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. హారతి వెలిగించేముందు ఆక్సిజన్ వాల్వు కట్టేశాడు. నిప్పు దగ్గర ఆక్సిజన్ పారనివ్వడు, ఆ జాగ్రత్త ఎప్పుడూ మరవలేదు. మూత విప్పాడు. బెల్లం పెట్టాడు. నేను రెండడుగుల దూరంలో పులిహోర తింటూ, దసరా సెలవుల గురించి ఎవరితోనో పోట్లాడుతున్నాను. మావిడాకు విదిలించాడు. సుయ్‌మంది. గొట్టం నోట్లోంచి సన్నటి తెల్లటి ఆవిరి లేచి, కొంత బయటికి, కొంత లోపలికి వెళ్ళింది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నా వైపు చూశాడు. నేను పోట్లాటలోంచి ఒక్క క్షణం తల తిప్పి, మళ్ళీ పోట్లాటలోకి వెళ్ళిపోయాను. ఆయన మూత బిగించి వాల్వు తిప్పాడు.

మర్నాడు బిళ్ళ చల్లారింది. నేనే పొట్లం కట్టాను. నేనే ‘పొడి’ అని చీటీ అంటించాను.

గైడు ఒక్కరే వెళ్ళారు, ఇద్దరికి టికెట్లు రాలేదు. ఆయన తిరిగొచ్చి గ్రాఫులు బల్ల మీద పరిచారు. రెండు బిళ్ళల గీతలూ ఒకదాని మీద ఒకటి, కవల పిల్లల్లా. తేడా లేదు. నా థీసిస్ పోయిందనుకున్నాను. ఆయన ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“తేడా లేకపోవడమే మన ఫలితం అమ్మా! లోపల ముందునుంచీ ఉన్న హైడ్రోజన్, కొత్తగా వచ్చిన మ్యూయాన్‌ని ఏమీ చెయ్యదు. ఇంతవరకూ ఎవరూ ఇలా అనలేదు.”

ఎవరూ ఎందుకు అనలేదో ఆలోచించాల్సింది. నేను ఆలోచించలేదు. సరిగ్గా చెప్పాలంటే, ఆలోచన వచ్చింది, కూచోమనలేదు. పేపరు రాశాం. పంపిన పత్రికవాళ్ళు ఒకే ఒక్క ప్రశ్న వేశారు: పొడి బిళ్ళ నిజంగా పొడిదేనా? గైడు ఒక పేజీ టైపు చేయించారు. కాల్చడం మొదలైనప్పటి నుంచి చల్లారే వరకూ బిళ్ళ నిరంతరాయంగా పొడి ఆక్సిజన్‌లోనే ఉందని, కింద కాల్చిన మనిషి సంతకం. బాబాయ్ జ్వరమని రెండు రోజులుగా రావడం లేదు. “ఇంటికెళ్ళి పెట్టించుకురా,” అన్నారు గైడు.

ఇల్లు కంచరపాలెంలో, రైలు పట్టాల పక్క సందులో. రైలొస్తే మాట ఆపాలి, వెళ్ళాక ఆపిన చోటు నుంచి అందుకోవాలి. వాళ్ళకది అలవాటు. పిన్ని, అంటే ఆయన భార్య, గ్లాసుతో చోడంబలి ఇచ్చి గుమ్మంలో కూచుంది. ఆయన దుప్పటి కప్పుకుని మంచం మీద కాగితం చదివాడు. ఇంగ్లీషు కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. ఒక మాట మీద వేలు పెట్టాడు.

“ఇదేటి?”

“నిరంతరాయంగా. మధ్యలో ఆపకుండా, మూత తియ్యకుండా అని.”

“మరి తీసేం గదా.”

“ఒక్క నిమిషం బాబాయ్.”

“నీళ్ళు సల్లేను. ఆవిరి లోపలికెల్లింది. నాను సూసేను.”

“నాలుగు చుక్కలు! ఆక్సిజన్ పారుతుంటే బయటికి తోసేస్తుంది.”

“హారతికని కట్టీసేను గదా ఆక్సిజను.”

రైలొచ్చింది. ప్యాసింజరు. తొందరగానే వెళ్ళిపోయింది.

“పొయ్యి దిగుతన్నాది అప్పుడు,” అన్నాడు ఆయన మెల్లగా. “దిగినప్పుడే తాగుతాది బిళ్ళ. ఆ రెండు గీతలూ ఒక్కలాగే ఎందుకొచ్చేయనుకుంటన్నావు? రెండూ తడివే. ఈ కాగితం నిజమంటే, నా పొయ్యి మూడ్రోజులు కాల్చినా ఒకటే, కాల్చకపోనా ఒకటే అని. పొయ్యిది తప్పు కాదమ్మా, నా సేతిది. అది రాసీ. నాను సంతకం పెడతాను.”

“అది రాస్తే నా థీసిస్ ఉండదు. ఇంకో గడువు లేదు. ఉద్యోగం పోతుంది. నీకు తెలుసు.”

“తెలుసు.”

“తెలిస్తే ఆ రోజే ఎందుకు చెప్పలేదు?”

ఆయన దుప్పటి సర్దుకున్నాడు. “సెప్దామనే అనుకున్నాను. నువ్వక్కడే ఉన్నావు గదా. నీకంటే నాకెక్కువ తెలుసునేటి? నువ్వు బిళ్ళని పొట్లం కట్టీసేవు. సర్లే, సదూకున్న మనిషి, పరవాలేదనే కట్టుంటాది అనుకున్నాను.”

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయకుండా పోవచ్చు. ఆయన లేడు, పిన్ని ఎవరికీ చెప్పదు. అయినా రాస్తాను. “మీ మూఢనమ్మకం మీ ఇంట్లో ఉంచుకోవాల్సింది. పొయ్యి మీద చల్లింది చాలక నా బతుకు మీద కూడా చల్లుతున్నారు,” అన్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన్ని ‘మీరు’ అన్నాను.

పిన్ని గుమ్మంలోంచి లేచింది. “ఏటి మావా, పెట్టీరాదా ఆ సంతకం! ఆడపిల్ల అంత దూరం నుంచొచ్చింది.”

ఆయన పెన్ను తీసుకున్నాడు. మూత తీశాడు. రాయలేదు.

“ఒక్క మాట సెప్పు తల్లీ. నాను ముసిలోణ్ణి, జొరం మనిషిని, నా కళ్ళు నమ్మకు. నువ్వు పక్కనే ఉన్నావు. సుయ్‌మని నువ్విన్నావా, ఇన్లేదా? ఇన్లేదను. పెట్టీస్తాను.”

మళ్ళీ రైలొచ్చింది. ఈసారి పోర్టు నుంచి బొగ్గు వేసుకొచ్చే గూడ్సు. ఎన్ని పెట్టెలో. గోడ మీద కేలండరు ఊగుతోంది, చోడంబలి గ్లాసు బల్ల మీద సన్నగా జరుగుతోంది. ఆలోచించుకోవడానికి అంత సమయం నాకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు. ఆఖరి పెట్టె వెళ్ళిపోయింది. ఆయన ఇంకా నా వైపే చూస్తున్నాడు.

“వినలేదు,” అన్నాను.

సంతకం పెట్టాడు. తెలుగులో, అక్షరం అక్షరం విడదీసి. సిరా ఆరడానికి నోటితో ఊది, రెండు చేతులతో కాగితం అందించాడు.

“తీసుకోండి డాక్టరు గారూ,” అన్నాడు.

అప్పటికి నేనింకా డాక్టరుని కాను. నాలుగు నెలల్లో అయ్యాను. స్వీట్లు పంచాను. ఆయన ఒక లడ్డూ తీసుకుని, “మంచిదండీ,” అన్నాడు. ఆ తరవాత ఆయన నోట ‘తల్లీ’ నేను వినలేదు. తిట్టలేదు, వెక్కిరించలేదు. నేనేం చెప్పినా “అలాగేనండీ” అనేవాడు. వాదించడానికి వెళ్ళి, ఆ అలాగేనండీలకి గుద్దుకుని తిరిగొచ్చేదాన్ని. తరవాతి ఏడు ఆయుధ పూజకి ప్రత్యేకంగా వెళ్ళాను, ఎందుకెళ్ళానో తెలీదు. ఫర్నేస్‌కి బొట్టు పెట్టాడు, దండ వేశాడు, హారతి ఇచ్చాడు. మూత విప్పలేదు. బెల్లం తేలేదు.

రిటైరయ్యాక ఒకే ఒక్కసారి ఎదురుపడ్డాడు, గాజువాకలో షేర్ ఆటోలో. నేనెక్కేసరికి లోపలున్నాడు, దిగిపోయే వీలు లేదు. పక్కన చేపల బుట్టతో ఉన్న ఆవిడకి నన్ను పరిచయం చేశాడు.

“మా డాక్టరు గారు.”

“ఏ జబ్బులకి?”

“జబ్బులకి కాదు. దొంగని పట్టే సదువు.”

“ఓలమ్మో, పోలీసేటి?” అని ఆవిడ బుట్ట ఇవతలికి లాక్కుంది.

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయనా నవ్వాడు, చాలా రోజుల తరవాత, పాతలాగే. ఆ నవ్వు ముగియకుండానే అడిగాడు: “ఆ యంత్రం మళ్ళీ దొరికిందాండీ?”

“లేదు బాబాయ్. అప్లై చేశాం. చూడాలి.”

ఎవరూ అప్లై చెయ్యలేదు.

“ఆ దిమ్మలో మిగిలిన ముక్క ఉండీది. రిటైరయ్యీ ముందు మాగమాసంలో కాల్చి పెట్టేను. ఉప్పు పిండిలాగ జారిపోయీది ఆ రోజుల్లో. నోరు తియ్యలేదు. సార్ గారి బీరువాలో ఉంది, సీటీ రాసి పెట్టేను.” కాస్త ఆగి, “పొయ్యి మంచిదేనండీ,” అన్నాడు.

నా స్టాపు ఇంకా రెండు దూరం. దిగిపోయాను. ఎండలో నడిచాను. ఆ బీరువా దగ్గరికి మాత్రం నడవలేదు. ఏం చేసేదాన్ని అని అడిగితే చెప్పడానికి బోలెడున్నాయి: పరీక్షలు, అత్తగారి మోకాళ్ళు, కాలేజీలో గుర్తింపు కమిటీలు. అలసిపోయినవాళ్ళకి కారణాల కరువుండదు.

కబురొచ్చిన మర్నాడు గైడు గారింటికి వెళ్ళాను. ఆయనా రిటైరయ్యారు, చెవికి మిషను పెట్టుకున్నారు. జరిగినదంతా చెప్పాను. రైలు దగ్గర్నుంచి చెప్పాను. విని, కళ్ళజోడు తుడుచుకున్నారు.

“ఇప్పుడెందుకమ్మా? ఆ పేపరు ఎవరూ చదవలేదు. ఎక్కడైనా ఎవరైనా ఉదహరించారంటే అది మనమే, మన రెండో పేపర్లో.”

“ఎవరూ చదవకపోతే తప్పు తప్పు కాదా సార్?”

“నువ్వు మారలేదు,” అన్నారు నీరసంగా. “నాకేముంది, పెన్షనొస్తోంది. పోతే నీ డిగ్రీ పోతుంది, ఉద్యోగం మీదికొస్తుంది. ఇంకా పదేళ్ళ సర్వీసుంది నీకు.”

“తెలుసు సార్.”

“రాసుకో అయితే. నేను అడ్డు చెప్పను. ఆ ముక్క కూడా పట్టుకుపో. బీరువా మారినప్పుడల్లా ఎందుకో పారెయ్యలేకపోయాను.” చిన్న ప్లాస్టిక్ డబ్బా. లోపల మడతపెట్టిన చీటీ మీద అక్షరం అక్షరం విడదీసిన రాత: పొడిది.

అక్కణ్ణుంచి కంచరపాలెం. పిన్ని నేల మీద కూచుని ఉంది. చుట్టాలు లేచి చోటిచ్చారు. పరామర్శ మాటలు నాకు రావు, వచ్చిన పనే చెప్పాను. ఆయన పేరు రాయాల్సి ఉంటుందన్నాను.

“రాస్తే ఆయనకేటైనా తప్పవుతాదా?”

“అవుతుంది పిన్నీ. నీళ్ళు చల్లింది ఆయనేనని ఉంటుంది.”

“మరి సల్లేడు గదా,” అంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఆపీసు కాయితంలో రాసుకోమ్మా. ఈ పేపర్లోనీ పుస్తకాల్లోనీ వెయ్యకు. మా ఊరోళ్ళు నవ్వుతారు.”

అందుకని ఇక్కడ రాయలేదు.

పత్రికకి సవరణ పంపడానికి ఒక ఫారం ఉంది. దాన్ని నింపేముందు మా పేపరు తీసి మొదట్నుంచీ చివరిదాకా చదివాను, రాసినప్పుడు కూడా అంత శ్రద్ధగా చదవలేదు. ఆయన పేరు ఎక్కడా లేదు. ఆఖర్న కృతజ్ఞతల్లో ‘సాంకేతిక సిబ్బందికి’ అని ఒక్క మాట. అదీ నేను రాసిందే.

ఫారంలో ఒక గడి: పొరపాటు జరిగినప్పుడు అక్కడ ఉన్నవారు, వారి పేర్లు, వారికి తెలిసినది. ఆయన పేరు ఇంటిపేరుతో సహా మొదట రాశాను. నీళ్ళు చల్లారు, ఆవిరి లోపలికి వెళ్ళడం చూశారు, నాకు చెప్పారు అని రాశాను. దాని కింద నా పేరు. పక్కన తెలిసినది రాయాలి. నోరున్న మనిషినని ఊరంతా అంటారు, ఆ గడి నిండడానికి మాత్రం సాయంత్రమంతా పట్టింది. ఒకే మాట రాశాను.

విన్నాను.